పానా పట్టేముందు మీటర్ పట్టండి

(ఇంటికాడ కార్ రిపేర్లు నేర్చుకునుడు మీద ఒక ఆదివారం పొద్దుగాల నల్లగొండల మాట్లాడింది. రికార్డింగ్ విని ఉన్నదున్నట్టు ఎక్కించినం, నడుమ మైక్ గోల మాత్రం తీసేసినం.)

అందరికి నమస్కారం. వెనకకు వినపడుతున్నదా? ఆ, ఓకే.

ముందుగాల ఒక్కటి అడుగుత. ఇక్కడ బత్తాయి తోటలున్నోళ్లు, వరి పెట్టెటోళ్లు ఎంతమంది ఉన్నరో చేతులు లేపండి. చూసిన్రా, సగం హాలు లేచింది. మరి మీ బోరు మోటార్ నడువకపోతె ఏం జేస్తరు? స్టార్టర్ డబ్బా మూత తీస్తరు, మూడు ఫేజులు వస్తున్నయా లేదా చూస్తరు, ఫ్యూజు చూస్తరు, కెపాసిటర్ ఉబ్బిందా చూస్తరు, ఇవన్ని అయినంక గాని మెకానిక్‌కు ఫోన్ కొట్టరు. ట్రాక్టర్ల డీజిల్ అయిపోయి గాలి పట్టిందనుకోండి, ఫీడ్ పంపు చేత్తోని కొట్టి గాలి తీసుడు ఇంట్ల పదో తరగతి పిలగానికి గూడ వస్తది. అదే మనిషి కార్ స్టార్ట్ కాకపోతె చాబీ తీస్కపోయి గ్యారేజ్ల పెడ్తడు, ఏదో సౌండ్ వస్తుందన్న జర చూడు అని చెప్పి చాయ్ తాగనీకి పోతడు. బోనెట్ గూడ లేపడు. ఎందుకంటె కార్ అంటె మనకు భయం, అందుల అంత కంప్యూటరే ఉంటది మనకేం తెలుస్తది అని.

నేను ఐటీఐల మోటార్ మెకానిక్ ట్రేడ్ చెప్పినోన్ని. రెండేండ్ల కోర్సు అది. పిలగాండ్లు వచ్చిన మొదటిరోజే పానా పట్టుకుంటమంటరు, నేను ఇయ్య. ఏం ఇప్పుతున్నవో, ఎందుకు ఇప్పుతున్నవో తెల్వకుండ నట్లు ఇప్పుకుంట పోవుడు ఎవరికన్న వస్తది, దానికి ఐటీఐ ఎందుకు. ఇయ్యాల మీకు చెప్పేది గూడ గదే. ఇంటికాడ రిపేర్ నేర్చుకునుడు అంటె ఇంజన్ దించుడు కాదు. పోయింది ఏదో ఇప్పకముందే పట్టుకునుడు, కొలిచి పట్టుకునుడు. ఆ తర్వాత నట్టు మీరు ఇప్పుతరా, మెకానిక్ ఇప్పుతడా అనేది మీ ఇష్టం, మీ ఓపిక.

మన దగ్గర ఎక్కువ పైసలు ఎక్కడ పోతయో తెల్సా, లేబర్ చార్జీలల్ల కాదు. అందాజాగ మార్చిన సామాన్లల్ల పోతయి. ఇది మార్చి చూద్దాం, పోకపోతె అది మార్చి చూద్దాం. మంచి మెకానిక్ ఇట్ల చెయ్యడు, కని మనం పోయి 'బ్యాటరీ పోయిందన్న, కొత్తది ఎయ్యి' అని మనమే చెప్తె ఆయన మాత్రం ఏం జేస్తడు, ఏస్తడు.

బ్యాటరీ పేరొచ్చింది గాబట్టి అక్కడ్నే షురూ జేద్దాం. డిసెంబర్ల ఒక పొద్దున సెల్ఫ్ కొడ్తె టక్ టక్ అంటది, బండి లేవదు. ఎదురింటాయన వచ్చి బ్యాటరీ పోయింది అంటడు. షాపుకు పోతె షాపాయన గూడ అదే అంటడు, ఆయన అమ్మేదే బ్యాటరీలు గద. కని సెల్ఫ్ తిరుగకపోవుడుకు బ్యాటరీ ఒక్కటే కారణం కాదు, డైనమో ఛార్జింగ్ ఇయ్యకపోవచ్చు, టెర్మినల్ దగ్గర పచ్చగ బూజు లెక్క పట్టి ఉండొచ్చు, సెల్ఫ్ మోటారే పోయి ఉండొచ్చు, రాత్రి డిక్కీ లైటు ఆరకుండ ఉండి కరెంటు గుంజి ఉండొచ్చు. ఇవన్ని ఒక మల్టీమీటర్ చెప్తది. నాలుగైదు వందలకు ఎలక్ట్రికల్ షాపుల దొరుకుతది, మీల సగం మంది ఇంట్ల ఉండే ఉంటది గూడ, కరెంటు పనికి కొన్నది.

మీటర్‌ను డీసీ 20 వోల్టుల కాడ పెట్టండి. ఎర్ర ముల్లు ప్లస్‌కు, నల్లది మైనస్‌కు. బండి రాత్రంత ఆగి ఉండాలె, ఇప్పుడే నడిపి వచ్చి చూస్తె అబద్ధం చెప్తది. 12.6 చూపిస్తె బ్యాటరీ నిండుగ ఉన్నట్టు. 12.2 అంటె సగానికి వచ్చినట్టు. 12 కిందికి పోతె దాదాపు ఖాళీ. ఇప్పుడు ఇంట్ల ఎవరినన్న సెల్ఫ్ కొట్టమని చెప్పి మీటర్ దిక్కు చూడండి, కొట్టేటప్పుడు కొద్దిగ పడ్తది, అది మామూలే, కని నిండుగ ఉన్న బ్యాటరీ గూడ తొమ్మిదిన్నర కిందికి జారిందంటె దాని బలం అయిపోయినట్టు. బండి లేచినంక మళ్ల చూడండి, 13.8 నుంచి 14.5 మధ్యల ఉంటె డైనమో పని చేస్తున్నట్టు. (కొన్ని కొత్త బండ్లల్ల డైనమోను కంప్యూటర్ నడిపిస్తది, అవి ఒక్కోసారి తక్కువ గూడ చూపిస్తయి, లైట్లు ఏసీ ఏసి మళ్ల చూడండి.) లేచినంక గూడ 12.2 కాడనే కూసున్నదంటె డైనమో దిక్కు చూడాలె, కొత్త బ్యాటరీ ఏసినా నాలుగొద్దులకు మళ్ల అదే కథ.

ఇంకొకటి చెప్త, ఇది చానమందికి తెల్వదు. ఒక ముల్లు బ్యాటరీ సీసం పోస్టు మీద పెట్టండి, రెండోది ఆ పోస్టును పట్టుకున్న క్లాంపు మీద పెట్టండి. రెండు ఒకదానికొకటి ఆనుకునే ఉన్నయి గద, సెల్ఫ్ కొట్టినప్పుడు మీటర్ సున్నా దగ్గర్నే ఉండాలె. అర వోల్టు చూపించినా అక్కడ కరెంటు ఆగుతున్నట్టు. దానికి కొత్త బ్యాటరీ అక్కరలేదు, క్లాంపు ఇప్పి, వేడి నీళ్లల్ల తినే సోడా కలిపి కడిగి, ఎమ్రీ పేపర్‌తోని రుద్ది, గట్టిగ బిగించి పైకెళ్లి కొద్దిగ పెట్రోలియం జెల్లీ రాస్తె అయిపాయె. ఇప్పేటప్పుడు మాత్రం ముందుగాల మైనస్, బిగించేటప్పుడు మైనస్ చివరికి. ఎందుకంటె మైనస్ బాడీకి కలిసి ఉంటది, మీరు ప్లస్ ఇప్పుతుంటె పానా పోయి బాడీకి తాకిందనుకోండి, నేరుగ షార్ట్. మైనస్ ముందే తీసేస్తె తాకినా ఏం కాదు. చేతికి ఉంగరం, కడెం ఉంటె తీసి పక్కకు పెట్టండి, అది గూడ అందుకే.

బ్యాటరీని చలి చంపుతదని అందరనుకుంటరు. కాదు, మన ఎండ చంపుతది. మే నెలల 44, 45 డిగ్రీలు ఉన్నప్పుడు బోనెట్ లోపట ఎంత ఉంటదో మీరే ఆలోచించండి, ఖరాబు అప్పుడే అవుతది, చలికి ఆయిల్ చిక్కబడి సెల్ఫ్‌కు ఎక్కువ బలం కావాల్సి వచ్చినప్పుడు బయటపడ్తది.

ఎండ సంగతి వచ్చింది గాబట్టి రేడియేటర్. ఇక్కడ మన జిల్లా వాళ్లకు ప్రత్యేకంగ చెప్పాలె. మన నీళ్ల సంగతి దేశమంత తెలుసు, మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి దిక్కు ఫ్లోరైడ్ గురించి మళ్ల నేను చెప్పేదేం లేదు, పటిక సున్నం ఏసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్ల ఉన్న నీరీ అనే పరిశోధన సంస్థ వాళ్లు నల్లగొండ టెక్నిక్ అనే పేరు పెట్టిన్రు, మన ఊరి పేరు అట్ల గూడ పుస్తకాలల్లకు ఎక్కింది. సరే, మనుషుల ముచ్చట వేరే. బండికి వచ్చే బాధ బోరు నీళ్లల్ల ఉండే ఉప్పులతోని. వాటర్ హీటర్ రాడ్ మీద తెల్లగ పెచ్చు కడ్తది చూసిన్రా, అదే పెచ్చు రేడియేటర్ లోపటి సన్నటి గొట్టాలల్ల కడ్తది. బయటికి కనపడదు. రెండేండ్లు మంచిగనే నడుస్తది, ఒక ఏప్రిల్‌ల ఏసీ ఏసుకొని విజయవాడ హైవే ఎక్కితె చిట్యాల దాటకముందే టెంపరేచర్ ముల్లు లేస్తది. పంక్చర్ షాపుల డ్రమ్ముల నీళ్లు పోసి పంపిస్తరు, మంచి మనసుతోనే పోస్తరు, కని అది పోసుకుంటె పెచ్చు ఇంకింత పెరుగుతది.

పోయాల్సింది కూలెంట్. ఇథిలీన్ గ్లైకాల్ అంటరు దాన్ని. కలిపి అమ్మేది ఉంటది, నీళ్లు కలుపుకునేది ఉంటది, డబ్బా మీద సదివి కొనండి, కలుపుకునేది అయితె డిస్టిల్డ్ వాటర్ కలపండి, అది బ్యాటరీ షాపుల దొరుకుతది. పాతదాని రంగు పచ్చగ ఉన్నదా ఎర్రగ ఉన్నదా అని రంగు చూసి కొనొద్దు, రంగు కంపెనీ ఏసుకునేదే, మీ బండి పుస్తకంల ఏ రకం అని రాసి ఉంటది, అది చూడండి. ఇంకొకటి, అది తియ్యగ ఉంటది, విషం. పాత కూలెంట్ తట్టల పట్టి వాకిట్ల ఇడిసిపెడ్తె కుక్కలు తాగి చస్తయి, చిన్నపిల్లలున్న ఇల్లయితె మరీ జాగ్రత్త.

ఇంజన్ వేడి మీద ఉన్నప్పుడు రేడియేటర్ మూత ఎందుకు తియ్యొద్దంటరో చాలామందికి కారణం తెల్వదు, అందుకే తీస్తరు. నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతయి. కని ఆ మూత లోపట ఒత్తిడి ఆపి పెడ్తది, ఒక బార్ దాక, ఆ ఒత్తిడికి అవి ఇంకో 20 డిగ్రీలు పైకి పోయినా మరుగవు. మూత తిప్పంగనే ఒత్తిడి పోతది, 110 మీద ఉన్న నీళ్లు ఒక్కపారి మరిగి ఆవిరితోని పాటు మీ మొఖం మీదికి ఎగజిమ్ముతయి. గుడ్డ చుట్టి తీసినా అంతే. ముల్లు లేచిందంటె ఏసీ బంద్ చెయ్యండి, హీటర్ ఫుల్ పెట్టండి, ఎండాకాలం హీటరా అనొద్దు, హీటర్ గూడ ఇంజన్ వేడిని గుంజి బయటికి కొట్టే చిన్న రేడియేటరే. మెల్లగ పక్కకు ఆపి, బంద్ చేసి, అర్ధగంట చెట్టు కింద కూసోండి. ఆ తర్వాత గూడ ముందుగాల పై గొట్టం చేత్తోని పట్టి చూసి, చల్లగయినంకనే మూత.

అన్నిసార్లు నీళ్లదే తప్పు కాదు మళ్ల. రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతున్నదా చూడండి. హైవే మీద మంచిగ పోయి, క్లాక్ టవర్ కాడ ట్రాఫిక్‌ల ఆగంగనే వేడెక్కుతుందంటె అనుమానం ఫ్యాన్ మీదనే, ఎందుకంటె నడిచేటప్పుడు ఎదురుగాలి సరిపోతది, ఆగినప్పుడే ఫ్యాన్ పని. ఏసీ ఏసి చూడండి, చానా బండ్లల్ల ఏసీ ఏయంగనే ఫ్యాన్ తిరగాలె. తిరగలేదనుకోండి, ఫ్యూజ్ డబ్బా మూత ఎనక బొమ్మ ఉంటది, ఫ్యాన్ ఫ్యూజ్ చూడండి. అది బాగుంటె రిలే, అంటె ఫ్యాన్‌కు కరెంటు ఇచ్చే చిన్న స్విచ్ డబ్బా. పక్కన అదే నంబర్ రిలే ఇంకొకటి ఉంటది, హారన్‌దో మరొకదానిదో, అది తీసి దీని కాడ పెట్టండి. ఫ్యాన్ తిరిగితె పోయింది రిలే, ఫ్యాన్ మోటార్ కాదు. వేలల్ల బిల్లు అయ్యేది వందల్లకు వచ్చింది. ఫ్యూజ్ కాలితె మాత్రం అదే నంబర్ ఏయాలె, ఎర్రది 10, నీలంది 15, పసుపుది 20, ఆకుపచ్చది 30 ఆంపియర్లు. పదోది కాలుతుందని ముప్పయిది ఏస్తె ఫ్యూజ్ కాలదు, వైరింగ్ కాలుతది.

బ్రేకుల ముచ్చట. పాలమూరు దిక్కువాళ్లు శ్రీశైలం పోవాల్నంటె అచ్చంపేట మీదికెళ్లి పోతరు, మనం దేవరకొండ మీదికెళ్లి పోయి డిండి కాడ హైదరాబాద్-శ్రీశైలం రోడ్డు పట్టుకుంటం. మన్ననూరు దాటితె ఇగ అడవే, ఫోన్ సిగ్నల్ సరిగ దొరకదు, రాత్రి అయితె గేటు మూస్తరు. ఈగలపెంట దాటి డ్యామ్ దిక్కు దిగేటప్పుడు మలుపు మలుపుకు బ్రేక్ తొక్కుకుంట పోతరు, బండి నిండ మనుషులు, డిక్కీ నిండ సామాను. కిందికి వచ్చేసరికి పెడల్ మెత్తగ అయితది, తొక్కితె లోపటికి పోతది. ఎందుకంటె బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను గుంజుకుంటది, మూత పెట్టి ఉన్నా ఏండ్లకేండ్లు మెల్లగ గుంజుకుంటది. డాట్ 4 అనే ఆయిల్ కొత్తగ ఉన్నప్పుడు 230 డిగ్రీల దాక మరుగదు, తేమ పట్టినంక 155 కాడనే మరుగొచ్చు. డాట్ 3 అయితె ఇంకా తక్కువ, 205 ఉండేది 140కి వస్తది. మరిగితె లైన్ల ఆవిరి బుడగలొస్తయి, మీరు పెడల్ తొక్కితె నలిగేది బుడగ, ప్యాడ్‌కు బలం పోదు. అందుకే రెండేండ్లకొకసారి బ్రేక్ ఆయిల్ మార్పియ్యాలె, బండి కిలోమీటర్లు తిరుగకపోయినా సరే. ఘాట్ దిగేటప్పుడు సెకండ్ గేర్ల పెట్టుకోని దిగాలె అని మీ తాత లారీ నడిపినోడైతె ముందే చెప్పి ఉంటడు.

ఇంట్ల మీరు చేసేది ఏందంటె చూసుడు. బోనెట్ల బ్రేక్ ఆయిల్ డబ్బాకు మినిమమ్, మాక్సిమమ్ గీతలుంటయి. ఆయిల్ తగ్గింది గదా అని డబ్బా కొని పోసెయ్యొద్దు. బ్రేక్ ఆయిల్ ఊకెనే తగ్గదు, ప్యాడ్లన్న అరిగి ఉండాలె, ఎక్కడన్న కారుతన్న ఉండాలె. ప్యాడ్లు అరిగితె పిస్టన్ బయటికి వచ్చి ఆ జాగల ఆయిల్ నిండుతది, డబ్బాల తగ్గుతది. పోసేస్తె మీకు వచ్చిన వార్నింగును మీరే తుడిచేసినట్టు. టార్చ్ లైటు పట్టుకోని చక్రం సందుల నుంచి చూడండి, ప్యాడ్ మందం మూడు మిల్లీమీటర్లకు వచ్చిందంటె మార్చే టైమొచ్చింది. ప్యాడ్లు సొంతంగ మార్చుకోవచ్చా అంటె మార్చుకోవచ్చు, కని మొదటిసారి తెలిసినోన్ని పక్కన నిలవెట్టుకోండి. బ్రేక్ గాలి తీసుడు, ఏబీఎస్ (గట్టిగ బ్రేక్ కొడ్తె చక్రాలు పట్టేయకుండ చూసేది) జోలి మాత్రం ఇంటికాడ వద్దు.

ఇగ జాకీ. దీని మీద నేను జర కోపంగనే మాట్లాడ్త, ఏమనుకోవద్దు. బండి తోని ఇచ్చే జాకీ స్టెప్నీ మార్చుకోనీకి, గంతే. దాన్ని లేపి కిందికి దూరేటోడు వీడియోల కనపడితె ఆ వీడియో అక్కడ్నే బంద్ చెయ్యండి. కిందికి పోవాల్నంటె జాకీ స్టాండ్లు కావాలె, జత కొని పెట్టుకోండి, లేకపోతె పని గ్యారేజ్‌కు ఇయ్యండి. ఇటుకల మీద నిలవెట్టుడు వద్దు, సిమెంట్ ఇటుక పగిలేముందు చెప్పి పగులదు. నేల గూడ చూడాలె, ఎర్ర చల్క మీద జాకీ మెల్లగ కుంగుతది, మిర్యాలగూడ దిక్కు నల్లరేగడి అయితె వాన పడ్డంక పట్టనే పట్టదు. సిమెంట్ గచ్చు మీదనే లేపండి, తప్పకపోతె కింద మందపాటి చెక్క ఏయండి. హ్యాండ్ బ్రేక్, ఫస్ట్ గేర్, ఎదురు చక్రానికి రాయి. బాడీ కింద అంచుకు రెండు గాట్లు ఉంటయి, జాకీ ఆ రెండు గాట్ల నడుమనే పెట్టాలె, ఇంకెక్కడ పెట్టినా రేకు నొక్కుకపోతది.

ఇంజన్ ఆయిల్ మార్చుడు ఇంటికాడ నేర్చుకునే మంచి పని, వారంటీ అయిపోయిన బండి అయితె. ఇంజన్ కొద్దిగ వెచ్చగ ఉన్నప్పుడు మార్చాలె. డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్ ఏయాలె. పాత ఫిల్టర్ ఇప్పినప్పుడు దాని రబ్బరు రింగు ఇంజన్‌కే అంటుకోని ఉండిపోతది ఒక్కోసారి, చూసుకోకుండ కొత్త ఫిల్టర్ బిగిస్తె రెండు రింగులు అయి ఆయిలంత రోడ్డు మీద పోస్తది. కొత్త రింగుకు ఆయిల్ రాసి చేత్తోని బిగించండి, పానాతోని కాదు. డ్రెయిన్ బోల్టు గూడ బలం చూపిచ్చుకోవద్దు, చాన బండ్లకు కింది ఛాంబర్ అల్యూమినియం, మర పోతె మీరు మిగిలించుకున్న పైసల కంటె ఎక్కువ పోతయి. ఏ ఆయిల్, ఎన్ని లీటర్లు అనేది పుస్తకంల ఉంటది. పుస్తకం అంటె గుర్తొచ్చింది, మీ బండి పుస్తకం ఎక్కడుంది? డాష్‌బోర్డ్ల, ప్లాస్టిక్ కవర్ గూడ ఇప్పకుండ, అవునా? వీడియోలు చూసేముందు అది సదవండి. వీడియోల ఆయన చూపించేది ఆయన బండి, మీది కాదు.

ఎయిర్ ఫిల్టర్, ఏసీ లోపటి కేబిన్ ఫిల్టర్, వైపర్లు, బల్బులు, ఇవి చెప్పనీకి ఏం లేదు, పిల్లలతోని చేపియ్యండి. క్రషర్ల దిక్కు, పత్తి మిల్లుల దిక్కు తిరిగే బండ్లు పుస్తకంల రాసిన కిలోమీటర్ల కంటె ముందే ఎయిర్ ఫిల్టర్ చూసుకోవాలె, దుమ్ము అట్ల ఉంటది.

కంప్యూటర్ భయం అన్నం గద. 2013 ఏప్రిల్ నుంచి బీఎస్ 4 (పొగ మీద పెట్టిన రూలు) బండ్లకు ఓబీడీ 2, అంటె బండి తన తప్పును తనే పట్టి కోడ్‌ల చెప్పే ఏర్పాటు, తప్పనిసరి చేసిన్రు, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 వచ్చింది. స్టీరింగ్ కింద మోకాలు తగిలే కాడ ఒక ప్లగ్ ఉంటది, దానికి బ్లూటూత్ స్కానర్ పెడ్తె ఫోన్ల కోడ్ కనపడుతది. వెయ్యి లోపటనే దొరుకుతయి, అతి చవుకది కొంటె సగం బండ్లకు కలువదు. పీ 0301 అని వచ్చిందనుకోండి, ఒకటో సిలిండర్ మంట సరిగ పట్టుతలేదు అని. చూడండి, అది స్పార్క్ ప్లగ్ పోయింది అని చెప్తలేదు, ప్లగ్‌కు కరెంటు ఇచ్చే కాయిల్ పోయింది అనీ చెప్తలేదు. అక్కడ్నే మనోళ్లు పొరపాటు పడి ప్లగ్గులు, కాయిళ్లు మొత్తం మారుస్తరు. మీరేం జేస్తరంటె ఒకటో సిలిండర్ కాయిల్ తీసి రెండోదాని కాడ పెట్టి, దానిది దీనికి పెట్టి, కోడ్ తుడిపి, బండి నడిపి మళ్ల చూడండి. ఇప్పుడు పీ 0302 వచ్చిందంటె తప్పు కాయిల్‌తోని పాటు పోయింది, అంటె కాయిలే పోయింది. కోడ్ ఒకటి దగ్గర్నే ఉన్నదంటె కాయిల్ మంచిదే, ప్లగ్ గూడ అట్లనే మార్చి చూడండి. ఒక్క రూపాయి ఖర్చు లేదు. రిలే మార్చి చూసినం గద, ఇది గూడ అదే ఉపాయం. ఇట్ల పట్టుకోని మెకానిక్ కాడికి పోయి 'ఒకటో సిలిండర్ కాయిల్ పోయింది, రెండోదానికి పెడ్తె కోడ్ దానెంబడి పోయింది' అని చెప్పి చూడండి, ఆయన మీతోని మాట్లాడే పద్ధతే మారుతది.

ముట్టుకోవద్దనేవి గూడ చెప్పాలె. పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగువి, నారింజ రంగు కేబుళ్లు హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్ల హైవోల్టేజ్‌వి, రెండింటి జోలికీ పోవద్దు. ఏసీ గ్యాస్, టైమింగ్ బెల్టు గూడ ఇంటికాడ వద్దు. డీజిల్ కామన్ రైల్ (అన్ని ఇంజెక్టర్లకు ఒక్క గొట్టం నుంచే చాన ఒత్తిడితోని డీజిల్ పోయే రకం) బండ్లకు ఇంజెక్టర్ పైపులు అస్సలు వదులు చెయ్యొద్దు, ట్రాక్టర్ అలవాటుతోని చేస్తరు కొందరు. మీ టైర్ల ఉండేది రెండున్నర బార్ గూడ కాదు, ఆ పైపుల 1600 బార్ దాక ఉంటది, సన్నటి ధార చర్మం లోపటికి దిగుతది, పైకి చిన్న చుక్క లెక్క కనపడ్తది, లోపట చెయ్యి కుళ్లిపోతది. తగిలితె నొప్పి లేకపోయినా దవాఖానకు పోవాల్సిందే.

నేను చెప్పేది అయింది, ఇగ మీరు అడగండి.

ప్రశ్న: సార్, బయట ముట్టుకుంటె వారంటీ పోతదని షోరూమ్ల భయపెడ్తరు. నిజమేనా?

మొత్తానికి పోతది అనుడు సరికాదు తమ్మి. 2014 ఆగస్టుల కాంపిటీషన్ కమిషన్, అంటె కంపెనీల పోటీ సక్కగ ఉన్నదా చూసే కేంద్ర సంస్థ, ఒక ఆర్డర్ ఇచ్చింది, 14 కార్ కంపెనీల మీద కలిపి 2,544 కోట్ల జరిమానా ఏసింది, స్పేర్ పార్టులు, రిపేర్ సమాచారం బయటి మెకానిక్‌లకు దొరకనిస్తలేరని. బయట రిపేర్ చేపిచ్చుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు అనే షరతు పెట్టొద్దని గూడ అందుల చెప్పింది. ఆ జరిమానా మీద అప్పీళ్లు నడిచి తర్వాత తగ్గింది, అది వేరే. 2022 డిసెంబర్ల కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది, అందుల బండ్లు గూడ ఉన్నయి. కని మీరు వైరింగ్ కోసి కాల్చుకోని వారంటీల ఇయ్యమంటె ఎవరియ్యరు. నన్నడిగితె వారంటీ ఉన్నన్ని రోజులు సర్వీసు బిల్లులు మంచిగ దాచి పెట్టుకోండి, మీరు చూసుడు, కొలుసుడు నేర్చుకోండి. దానికెవరూ అడ్డం చెప్పరు.

ప్రశ్న: అన్నా, మాది రైస్ మిల్లు పక్కన. ఎలుకలు వైర్లు కొరుకుతున్నయి.

వరి కోతలప్పుడు ఇది అందరికీ ఉన్నదే. వెచ్చగుంటదని ఇంజన్ మీద ఎక్కుతయి. పొగాకు కట్ట, ఫినాయిల్, స్ప్రే ఇవన్ని కొన్నొద్దులు పనిచేస్తయి, వాసన పోయినంక మళ్ల వస్తయి. బండి ఒక్కకాడనే రోజులకొద్ది పెట్టకుండుడు, బండిల తిండి ముక్కలు లేకుండుడు, కింది నుంచి సన్న జాలి కొట్టిపిచ్చుడు, వీటితోనే ఎక్కువ ఫాయిదా. జాలి ఎగ్జాస్ట్ పైపుకు, బెల్టుకు తగులకుండ చూడాలె. కొరికిన వైరు ఊకె మెలేసి టేప్ చుట్టొద్దు, ఇంజన్ వేడికి టేప్ జిగురు ఊడుతది, వానకు పచ్చబడ్తది. సోల్డర్ ఏసి హీట్ ష్రింక్ గొట్టం (వేడి తగిలితె ముడుసుకొని పట్టుకునేది) తొడగండి. చక్రం దిక్కు పోయే వైరు కొరికితె ఏబీఎస్ లైటు వస్తది, సెన్సార్ కొనకముందు ఆ వైరు మొత్తం వెంట చూసుకోండి.

ప్రశ్న: తీసిన పాత ఆయిల్ ఏం జెయ్యాలె?

చెలకల, మోరీల పొయ్యొద్దు, మన నీళ్లకు ఉన్న బాధ చాలు. పాత డబ్బాలనే పట్టి మూత బిగించి దగ్గరి గ్యారేజ్‌ల ఇయ్యండి, వాళ్ల కాడ డ్రమ్ము ఉంటది, కొనుక్కపోయేటోళ్లు వస్తరు.

ప్రశ్న: సార్, నేను స్కూల్‌కు నలభై కిలోమీటర్లు డ్రైవ్ చేసుకుంట పోత. టైర్ పంక్చర్ అయితె నట్లు ఇప్పనీకి నాకు బలం సరిపోతలేదు. ఆడోళ్లతోని అయ్యే పనేనా?

అమ్మా, అది మీ బలం సంగతి కాదు. టైర్ షాపుల గాలి గన్నుతోని టర్ టర్ అని బిగిస్తరు, ఆ బిగింపు నాకు గూడ రాదు. మీ బండికి కావాల్సిన బిగింపు 100 న్యూటన్ మీటర్ల (బిగింపు కొలత) అటుఇటు, పుస్తకంల ఉంటది, వాళ్లు దాని మీద ఎంతో బిగిస్తరు. ఈసారి పోయినప్పుడు చివరి బిగింపు చేతి రించితోని చెయ్యమని చెప్పండి, నిలవడి చేపిచ్చుకోండి. రెండోది, డిక్కీల రెండు ఫీట్ల జీఐ పైపు ముక్క ఏసుకోండి, రించి పిడికి తొడిగితె మీ బలం రెండింతలు అవుతది. నట్లు వదులు చేసేది చక్రం నేల మీద ఉన్నప్పుడే, జాకీ లేపినంక కాదు. బిగించేటప్పుడు పక్కపక్కవి కాకుండ ఎదురెదురువి బిగియ్యాలె, దించినంక ఇంకొకసారి, యాభై కిలోమీటర్లు పోయినంక మళ్లొకసారి. స్టెప్నీల గాలి ఉన్నదా అది గూడ చూసుకోండి, టైర్ పక్కన నాలుగంకెలుంటయి, 2319 అంటె 2019ల 23వ వారంల తయారైంది అని, స్టెప్నీ కొత్తగ కనపడినా ఏండ్లు మీద పడి ఉంటది.

మీ బండి బయటనే ఉన్నదా? గేటు కాడ తెల్లదా. అయితె పదండి, జాకీ లేపేది లేదు, ఒక్క చక్రానికి నట్లు ఒక్కొక్కటి వదులు చేసి మీ చేతితోనే బిగించి చూద్దురు. పైపు ముక్క నా బండిల ఉన్నది. బ్యాటరీ మీటర్ చూడాల్నన్నోళ్లు గూడ రండి, కుర్చీలు అటు జరుపుకుంట రండి జర.